పనిలేని పరుగు

ముమ్మిడివరంలో కాలవగట్టు మీద నేను పరిగెత్తడం మొదలుపెట్టిన వారంలో ఎదురైన ప్రతివాళ్ళూ ఒకటే అడిగారు. "ఏమైందమ్మా? ఇంట్లో ఎవరికన్నా బాగోలేదా?" చేపల తట్ట నెత్తిన పెట్టుకుని వస్తున్న ఒకావిడైతే తట్ట దించి మరీ నిలబడింది. "ఏం లేదండీ, ఊరికే" అన్నాను. "ఊరికే పరిగెట్టడవేంటండి అమ్మాయిగారూ!" అని నవ్వేసింది. ఆడమనిషి పరిగెత్తిందంటే పురుడో చావో వచ్చిందన్నమాట. లేదా వెనక ఎవరో తరుముతున్నారన్నమాట. కారణం లేని పరుగు ఆవిడకి అర్థం కాలేదు. ఆ 'ఊరికే' అన్న మాటకి చరిత్ర ఏమైనా ఉందా అని నేను వెతకడం అక్కడ మొదలైంది.

కోనసీమలో కొండలు లేవు. గౌతమికీ వశిష్ఠకీ నడుమ గోదావరి తెచ్చి పోసిన ఒండ్రునేల ఇది. మా సీమలో ఎత్తంటే గట్టే. ఏటిగట్టు, కాలవగట్టు. వరదొస్తే మనుషులూ గొడ్లూ ఎక్కేది దాని మీదకే. వానపడి పుంతలు బురదైపోతే నడవడానికి మిగిలేదీ అదే. పెద్దరోడ్డు ఉంది కానీ, గౌతమి మీద యానాం–ఎదుర్లంక వంతెన 2002లో వచ్చాక అది లారీలదీ బస్సులదీ అయిపోయింది. కాబట్టి ఇక్కడ నడకదారుల చరిత్ర రాయాలంటే గట్టు చరిత్రే రాయాలి.

ఆ చరిత్ర అనగానే మనకి ఒక్క పేరే గుర్తొస్తుంది. 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని మొదలైంది, 1852లో పూర్తయింది. ఆ తర్వాత డెల్టా అంతా కాలవలు సాగాయి. కాటన్ దొర విగ్రహాలు మా వైపు ఊరూరా ఉంటాయి. కాలవ తవ్విన మట్టిని రెండు పక్కలా పోస్తే గట్టయింది. నీళ్ళ మీద పడవలు సాగితే, ఎదురుగాలి వేళ గట్టు మీద మనుషులు తాడు పట్టి వాటిని లాగారు. మట్టిపనిలో పలుగూ పారా మగవాళ్ళవి, తట్ట ఆడవాళ్ళది అన్న పంపకం నిన్నమొన్నటి ఉపాధిహామీ పనుల్లో కూడా చూస్తున్నదే. కూలి తేడాకి సాకు కూడా అదే. తట్టకి విగ్రహం పెట్టినవాళ్ళు మాత్రం లేరు.

ఆ దారుల మీద నడిచిన బాటసారులకి అన్నం పెట్టిన మనిషిని మాత్రం మా సీమ మర్చిపోలేదు. లంకల గన్నవరం డొక్కా సీతమ్మ గారు (1841–1909). వైనతేయ మీద కొత్తగా కట్టిన అక్విడెక్టుకి ఆవిడ పేరే పెట్టారు. ఆవిడ గురించి మా ఇళ్ళల్లో చెప్పుకునే కథ ఒకటుంది. ఒకసారి అంతర్వేది స్వామిని చూద్దామని మేనాలో బయల్దేరారట. దారిలో ఎవరో ఆకలితో ఉన్నవాళ్ళు, ఇంకాస్త ఓపిక పడితే సీతమ్మ గారింటికి చేరతాం, అన్నం దొరుకుతుంది అనుకోవడం చెవిన పడింది. వెంటనే మేనా వెనక్కి తిప్పించేశారట.

చిన్నప్పుడు ఈ కథ విన్న ప్రతిసారీ నాకు కళ్ళు చెమర్చేవి. ఇప్పుడు విన్నా చెమరుస్తాయి. ఆ త్యాగాన్ని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. అయితే ఇప్పుడు ఇంకో ప్రశ్న కూడా వేస్తాను. ఆవిడ బయల్దేరిన ప్రయాణం కన్నా వెనుదిరిగిన ప్రయాణమే ఎందుకు కథైంది? అంతర్వేది దాకా వెళ్ళి, సముద్రం చూసి, తీరిగ్గా తిరిగొచ్చి ఉంటే అది ఎవరికైనా గుర్తుండేదా?

ద్రాక్షారామంలో పుట్టిన దువ్వూరి సుబ్బమ్మ గారిది ఇంకో తోవ. బాలవితంతువు ఇంట్లో మూల కూర్చోవాల్సిన కాలంలో ఆవిడ ఊరూరా తిరిగి ఉపన్యాసాలిచ్చారు. 1922లో జైలుకెళ్ళారు. ఆ తిరుగుడుకి లోకం ఒప్పుకుంది, ఎందుకంటే దేశం అనే పని ముందుంది. అన్నం, దైవం, దేశం, తట్ట... వీటిలో ఏదో ఒకటి ఉంటే ఆడదాని నడకకి అనుమతి దొరుకుతుంది. ఏదీ లేకపోతేనే ప్రశ్న మొదలవుతుంది.

మగవాడికి ఈ షరతు లేదు. మా ఊరి పేరు నలుగురికీ తెలిసిందే బాలయోగి వల్ల. 1985లో కన్నుమూసేదాకా ఆయన దశాబ్దాల తరబడి తపస్సులో కూర్చుంటే, శివరాత్రి దర్శనానికి జనం విరగబడి వచ్చేవారు. ఏ పనీ చెయ్యకుండా కూర్చున్న కుర్రాడిలో లోకం యోగిని చూడగలిగింది. ఆ ఈడు ఆడపిల్ల అలా కూర్చుని ఉంటే భూతవైద్యుణ్ణి పిలిచేవారు.

ఇది మా ఊరి వెనకబాటుతనం అనుకోకండి. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళు 800 మీటర్లు పరిగెత్తారు. వాళ్ళు అలిసిపోయి కూలబడ్డారని పత్రికలు గోల చేశాయి. ఆ పందెం మళ్ళీ ఒలింపిక్స్‌లోకి వచ్చింది 1960లోనే. 1967లో బోస్టన్ మారథాన్‌లో కాథరిన్ స్విట్జర్ పరిగెడుతుంటే నిర్వాహకుడొకరు మీదపడి ఆవిడ నంబరు లాగెయ్యబోయాడు. ఆడవాళ్ళ మారథాన్ ఒలింపిక్స్‌కి చేరడానికి 1984 దాకా ఆగాల్సి వచ్చింది. మా సీమ 'ఇంట్లో ఎవరికి బాగోలేదు' అని అడిగింది. వాళ్ళు 'గర్భసంచి ఏమైపోతుంది' అని అడిగారు. అంతే తేడా.

వశిష్ఠ దాటితే మార్టేరు. అక్కడ పుట్టిన సత్తి గీత 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో 4×400 మీటర్ల రిలే జట్టులో పరిగెత్తింది. విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి 2023లో వంద మీటర్ల హర్డిల్స్‌లో ఆసియా విజేత అయింది. గర్వపడదాం. కానీ అక్కడా పరుగుకి కారణం కావాల్సి వచ్చింది. పతకమో, ఉద్యోగమో. పతకం రాని అమ్మాయి పరుగుని ఏ ఊరు భరిస్తుంది?

ఈ మాట మా అమ్మమ్మతో అంటే నవ్వింది. "మేవూ వెళ్ళేవాళ్ళవే గట్టుకి, చీకటితోనే. నలుగురం కలిసి. అదొక్కటే మాకు కబుర్ల వేళ" అంది. మరుగుదొడ్లు లేని కాలం. మగాడి కంట పడకుండా, తెల్లారేలోగా ముగించుకోవాల్సిన అవసరం. పాము భయం, మనిషి భయం. ఆ అవమానంలోంచే వాళ్ళు ఒక అరగంట కబుర్లు దొరకబుచ్చుకున్నారు. నేను బూట్లేసుకుని 'నా సమయం' అని పరిగెడుతున్న వేళ ఒకప్పుడు వాళ్ళ నిర్బంధపు వేళ.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. చేపలావిడ నన్ను 'అమ్మాయిగారూ' అంది. ఆ 'గారు' నా కులానికీ, నా చదువుకీ. ఆ 'గారు' ఉండబట్టే నా పరుగు మీద వచ్చింది అనుమానం కాదు, ఆరా. గట్టు కిందే పేట ఉంది. అక్కడి పిల్ల ఆ వేళకి, ఆ బట్టల్లో పరిగెడితే ఎదురయ్యే ప్రశ్న ఇంత మెత్తగా ఉండదు. ఎత్తయిన గట్టు మీద అందరి అడుగూ ఒకే ఎత్తులో పడదు.

ఇప్పుడు నన్నెవరూ అడగడం లేదు. అలవాటైపోయాను. మొన్న చేపలావిడని నేనే అడిగాను, రోజుకి ఎంత దూరం నడుస్తారని. "తట్ట ఖాళీ అయ్యేదాకానండి" అంది. నా చేతి గడియారం నా ప్రతి అడుగునీ లెక్కపెడుతుంది. ఆవిడ అడుగుల్ని ఎవరూ లెక్కపెట్టలేదు. అవి వ్యాయామం అని ఆవిడకీ తెలియదు, నేనూ ఇన్నాళ్ళు అనుకోలేదు. నా 'ఊరికే' గెలిచిందని ఇప్పుడే చెప్పలేను. తట్ట ఖాళీ అయ్యాక, ఇంటికెళ్ళి పొయ్యి వెలిగించే తొందర లేకుండా, ఆవిడ ఆ గట్టు మీద ఊరికే కాసేపు కూర్చోగలిగినప్పుడు చెబుతాను.