మెచ్చుకోలూ, బట్వాడా: యుద్ధచిత్రాలలో నల్లజాతి సైనికుడు

యుద్ధచిత్రమునకు వెళ్ళు ప్రేక్షకుడు ఏమి చూడగోరునో మనకందరకును తెలిసినదే. ఫిరంగుల మ్రోత, తెగించి ముందుకు దూకు వీరులు, నేలకొరిగిన మిత్రుని తలను ఒడిలో పెట్టుకొని కంటతడి పెట్టు సైనికుడు - ఇవి లేని యుద్ధచిత్రము అరుదు. కాని సైనికునకు ప్రాణముతోపాటు జీతమును ఉన్నది. నెలనెలా ఇంటికి పంపవలసిన పైకమున్నది. యుద్ధము ముగిసిన పిదప రావలసిన పింఛనున్నది. ఈ లెక్కలను తెరమీదికి తెచ్చిన చిత్రాలు చాల కొద్ది. నల్లజాతి సైనికుల చరిత్రలో మాత్రము ఈ లెక్కలే ఆయువుపట్టు. వారిని పొగడవలసిన అవసరము కలిగినపుడెల్ల ప్రభుత్వాలకు నోరు వచ్చినది. చెల్లింపవలసిన దినము వచ్చినపుడు చేయి రాలేదు. కనుక ఈ ప్రసంగములో మేము కొన్ని చిత్రాలను ఒక్క ప్రశ్నతో పరిశీలింపదలచినాము. ఏ చిత్రము శౌర్యమును చూపి అంతటితో ఆగినది? ఏ చిత్రము బాకీని గూడ అడిగినది?

మొదట పొగడ్త అయినను లేదు. 1915లో వెలువడిన డి. డబ్ల్యు. గ్రిఫిత్ చిత్రము 'ది బర్త్ ఆఫ్ ఎ నేషన్' అమెరికా అంతర్యుద్ధమునకు, దాని అనంతర కాలమునకు సంబంధించినది. అందులో నల్లజాతి సైనికులు పురవీథులలో తెల్లవారిని త్రోసివేయు దుండగులుగా కనబడుదురు. వారి ముఖ్యపాత్రలను ముఖమునకు నలుపు పూసుకొన్న తెల్లనటులే ధరించినారు. నల్లజాతివారి సంఘాలు ఎంత నిరసించినను ఆ చిత్రము దేశమంతట విజయవంతముగా ఆడినది.

రెండవ ప్రపంచయుద్ధము నాటికి అమెరికా ప్రభుత్వమునకు నల్లజాతి యువకులు కావలసివచ్చినారు. ఫ్రాంక్ కాప్రా నిర్వహణలో సైన్యమే 1944లో 'ది నీగ్రో సోల్జర్' అను చిత్రమును నిర్మించినది. దర్శకుడు స్టూవర్ట్ హైస్లర్. రచించినది కార్ల్‌టన్ మాస్. చర్చిలో బోధకుడు నల్లజాతి సైనికుల పూర్వచరిత్రను సభకు వినిపించుట దీని కథనరీతి. ఆ పాత్రను ధరించినదియు మాస్‌యే. చిత్రము గౌరవప్రదమైనది, సందేహము లేదు. అయినను బానిసత్వమును దాదాపు దాటివేసినది. నాటి సైన్యములో నల్లవారికి పటాలములు వేరు, భోజనశాలలు వేరు. ఆ సంగతిని ప్రశ్నింపలేదు. దీనికి ముందు సంవత్సరము వచ్చిన 'బటాన్' చిత్రములో తెల్లవారితో కలిసి పోరాడు ఒక నల్లజాతి సైనికుడు ఉన్నాడు. సైన్యములో ఈ వేర్పాటును తొలగింపవలెనని అధ్యక్షుడు ట్రూమన్ ఉత్తర్వు చేసినది 1948 జులై 26న. అనగా తెరమీద కలిసిన వారిని శిబిరములో కలుపవలెనను ఉత్తర్వునకే ఇంకను అయిదేండ్లు పట్టినది.

జీతపు సంగతిని సూటిగా తెరకెక్కించిన హాలీవుడ్ చిత్రము 1989 నాటి 'గ్లోరీ'. దర్శకుడు ఎడ్వర్డ్ జ్విక్. అంతర్యుద్ధములో ఉత్తరాది సైన్యమున సుమారు 1,80,000 మంది నల్లజాతి సైనికులు పనిచేసినారు. వారిలో మసాచుసెట్స్ 54వ పటాలము సుప్రసిద్ధమైనది. 1863 జులై 18న దక్షిణ కరొలీనాలోని వాగ్నర్ కోటమీద ఆ పటాలము జరిపిన దాడియే ఈ చిత్రమునకు పతాకసన్నివేశము. తెల్లజాతి కర్నల్ రాబర్ట్ గూల్డ్ షా కోటగోడపై కూలినాడు. శత్రువులు ఆయనను ఆయన సైనికులతోపాటు ఒకే గోతిలో పూడ్చినారు. తిరుగుబాటు స్వభావము గల ట్రిప్ అను సైనికుని పాత్రకు డెంజెల్ వాషింగ్టన్ ఉత్తమ సహాయనటునిగా ఆస్కార్ బహుమానము పొందినాడు.

నాటి లెక్క ఇది. తెల్ల సైనికునకు నెలకు 13 డాలర్లు, దానిపై దుస్తుల భత్యము. నల్ల సైనికునకు 10 డాలర్లు. అందులో 3 డాలర్లు దుస్తులకు కోత. చేతికి అందునది 7. చేరునపుడు వారికి చేసిన వాగ్దానము సమాన జీతము. ఈ మోసమును సహింపక సైనికులు బట్వాడా నాడు జీతపు చీటీలను చించివేయుట, కర్నల్ షా తన చీటీని గూడ చించుట చిత్రములో మరపురాని ఘట్టము.

అయితే చిత్రము కోటదాడితో ముగిసినది. జీతపు పోరాటము ముగియలేదు. షా మరణానంతరము మసాచుసెట్స్ రాష్ట్రము ఆ తేడాను తానే భర్తీ చేయుదునన్నది. 54వ పటాలము అందుకును అంగీకరింపలేదు. వారడిగినది మూడు డాలర్లు కాదు, సైనికుడను హోదా. సుమారు 18 నెలలు వారు దమ్మిడీ ముట్టక పోరాడినారు. ఇంటివద్ద భార్యాబిడ్డలు పస్తులున్నారు. జేమ్స్ హెన్రీ గూడింగ్ అను కార్పొరల్ 1863 సెప్టెంబరులో అధ్యక్షుడు లింకన్‌కే లేఖ వ్రాసి, మేము సైనికులమా, కూలీలమా అని అడిగినాడు. చిత్రములో ఈ సైనికులు ఎక్కువగా పారిపోయి వచ్చిన బానిసలు. వాస్తవమున వారిలో అధికులు ఉత్తరాదిలో స్వతంత్రులుగా పుట్టినవారు. ప్రసిద్ధ నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్ కుమారులిద్దరు ఆ పటాలములో చేరినారు. తమ వాదమును తామే వ్రాసి వినిపింపగల వారిని చిత్రము కర్నల్ చాటున నిలిపినదని చెప్పక తప్పదు.

1864 జూనులో కాంగ్రెసు సమాన జీతమునకు చట్టము చేసినది. అందులోను ఒక మెలిక ఉన్నది. 1861 ఏప్రిల్ 19 నాటికి స్వతంత్రుడై ఉన్నవానికి చేరిన దినము నుండి పూర్తి జీతము. నాటికి బానిసగా ఉన్నవానికి 1864 జనవరి 1 నుండి మాత్రమే. షా తరువాత 54వ పటాలమునకు కర్నల్ అయిన ఎడ్వర్డ్ హాలొవెల్ ఒక ప్రమాణమును కల్పించినాడు. ఆ తేదీ నాటికి ఏ మానవునకును తాను వెట్టిచాకిరి బాకీ లేనని సైనికుడు ప్రమాణము చేయవలెను. బానిసగా ఉన్నవాడును నిశ్చింతగా ఆ ప్రమాణము చేయవచ్చును. బానిసత్వము ధర్మమైన ఋణము కాదు గదా! ఇంతటి నాటకీయమైన సన్నివేశము చిత్రములో లేదు. విలియమ్ వాకర్ కథయు లేదు. దక్షిణ కరొలీనా 3వ పటాలమునకు చెందిన ఈ సార్జెంటు, సమాన జీతము లేనిదే పనిచేయమని తన వారిచేత అధికారి గుడారము ముందు ఆయుధాలు దింపించినాడు. 1864 ఫిబ్రవరిలో సైన్యము అతనిని తిరుగుబాటుదారుగా కాల్చివేసినది. కాంగ్రెసు చట్టము అతని మరణమునకు నాలుగు నెలల తరువాత వచ్చినది.

జీతమడిగిన సైనికుని కాల్చుట అమెరికాకే పరిమితము కాలేదు. ఫ్రాన్సు తన పశ్చిమాఫ్రికా వలసలనుండి కూర్చిన కాలిబంటులలో పెక్కుమంది 1940లో జర్మనులకు చిక్కి, నాలుగేండ్లు ఖైదులో మ్రగ్గినారు. విముక్తులైన వారిని 1944 నవంబరులో ఓడలో తెచ్చి డాకర్ సమీపమున తియరాయ్ శిబిరములో దించినారు. ఊళ్ళకు వెళ్ళుటకు ముందు తమ జీతపు బకాయి చెల్లింపుడని వారు అడిగినారు. డిసెంబరు 1 ఉదయమున ఫ్రెంచి సైన్యము వారిపై కాల్పులు జరిపినది. ఫ్రెంచి అధికారులు మృతులు 35 మంది అన్నారు. సంఖ్య అంతకు చాల ఎక్కువని పలువురు చరిత్రకారుల వాదము. ఒకప్పుడు స్వయముగా ఆ సైన్యములో పనిచేసిన సెనెగల్ దర్శకుడు ఉస్మాన్ సెంబెన్, తియెర్నో ఫాతీ సోతో కలిసి 1988లో 'కాం ద తియరాయ్' నిర్మించినాడు. అందు అధికారులు సైనికుల వద్దనున్న ఫ్రెంచి నోట్లను సగము వెలకే మార్చుదుమందురు. సైనికులు ఒక జనరల్‌ను నిర్బంధింపగా, అతడు పూర్తి వెల ఇప్పింతునని మాట యిచ్చి విడుదల పొందును. ఆ రాత్రి శిబిరములో పండుగ. తెల్లవారకమునుపే శిబిరముపై టాంకుల గుండ్లు. వెనిస్ ఉత్సవములో బహుమానము పొందిన ఈ చిత్రము ఫ్రాన్సులో చాలకాలము ప్రదర్శనకు నోచుకోలేదు. అది ఊచకోతయేనని ఫ్రాన్సు అధ్యక్షుడు మాక్రాన్ అంగీకరించినది 2024లో.

చిత్రాలు బాకీని అడిగినంత మాత్రమున ఒరుగునదేమని కొందరు శంకింపవచ్చును. రెండు ఉదాహరణములు చాలును. వలసల నుండి వచ్చిన మాజీ సైనికుల పింఛన్లను ఫ్రాన్సు 1959 చట్టముతో పెరగకుండ బిగించివేసినది. 2006లో రషీద్ బుషారెబ్ 'ఆందిజెన్' చిత్రమును విడుదల చేసినాడు. దాని పాత్రలు ఉత్తరాఫ్రికా సైనికులే అయినను, బిగించిన పింఛను నల్లజాతివారిదియు గదా. అధ్యక్షుడు షిరాక్ ఆ చిత్రమును చూచినాడు. ఆ నెలలోనే పింఛన్లను సమానము చేయుదుమని ప్రభుత్వము ప్రకటించినది. గడచిన దశాబ్దాల బకాయిని మాత్రము ఇవ్వలేదు. ఒమార్ సీ నటించిన 'తిరాయర్' 2023 జనవరిలో ఫ్రాన్సులో విడుదలైనది. సెనెగల్‌కు చెందిన వృద్ధసైనికులు అప్పటివరకు వృద్ధాప్య భత్యము కొరకు ఏటా ఆరు నెలలు ఫ్రాన్సులోనే ఉండవలసి వచ్చెడిది. సరిగా ఆ రోజులలోనే ప్రభుత్వము ఈ నియమమును సడలించి, స్వదేశములో ఉండియే భత్యము పొందవచ్చునన్నది. అప్పటికి బ్రతికియున్నవారు కొన్ని పదులమంది. అందరును కడువృద్ధులు. ఇదంతయు చిత్రాల వలననే జరిగినదని మేము అనము. ఏండ్ల తరబడి పోరాడినవారు వేరే ఉన్నారు. కాని వారి అర్జీలకు చిత్రము గొంతు కలిపినదనుట నిజము.

ఈ చరిత్ర మనకు దూరమైనదియు కాదు. 1944లో బర్మాలోని అరకాన్ అడవులలో మన భారతీయ సైనికుల సరసన పశ్చిమాఫ్రికా డివిజనులు పోరాడినవి. ఒకే జెండా క్రింద నడచిన ఆ సైన్యములో తెల్లవాని జీతము వేరు, భారతీయుని జీతము వేరు, ఆఫ్రికనుని జీతము వేరు. కావున ఇకమీదట యుద్ధచిత్రమును చూచునపుడు తుపాకులు మూగపోయిన తరువాత ఇంకొక్క నిమిషము నిలిచి, ఈ సైనికునకు బట్వాడా అయినదా అని అడిగి చూడుడు. వాకరును, తియరాయ్ సైనికులును ప్రాణాలొడ్డి అడిగిన ప్రశ్న అదియే.