హైటెక్ సిటీలో ఇంటినుండి పని

ఇంటినుండి పని అనగా ఉద్యోగి కార్యాలయానికి వెళ్ళకుండా అంతర్జాలం ద్వారా విధులు నిర్వహించే పద్ధతి. హైదరాబాదులోని హైటెక్ సిటీ, గచ్చిబౌలి తదితర సైబరాబాదు ప్రాంతాల సాఫ్ట్‌వేరు సంస్థలలో ఇది 2020లో విస్తృతంగా అమలులోకి వచ్చింది.

నేపథ్యం

హైటెక్ సిటీలో మొదటి భవనమైన సైబర్ టవర్స్‌ను 1998 నవంబరు 22న అప్పటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి ప్రారంభించాడు. ఉద్యోగాలతోపాటు మాధాపూర్, కొండాపూర్‌లలో హాస్టళ్ళు పెరిగాయి. వేర్వేరు జిల్లాల నుండి వచ్చిన యువతకు గదిలో తోడున్నవారు, ఆఫీసు క్యాంటీనులో కలిసేవారే స్నేహితులయ్యారు. 2020 మార్చి 25న దేశవ్యాప్త లాక్‌డౌన్ మొదలైన తరువాత అనేకులు సొంత ఊళ్ళనుండే పనిచేశారు.

నిబంధనలు

ప్రత్యేక ఆర్థిక మండలాలలోని సంస్థలకు 2022 జూలైలో వచ్చిన 43ఎ నియమం సగంమంది ఉద్యోగులవరకు, గరిష్ఠంగా ఒక సంవత్సరంపాటు ఈ పద్ధతిని అనుమతించింది. అదే సంవత్సరం డిసెంబరులో దీనిని ఉద్యోగులందరికీ, 2023 చివరి వరకు వర్తింపజేశారు.

స్నేహం, ఒంటరి ప్రయాణం

అమెరికా తూర్పు తీరంలో ఉదయం 9 గంటలైనప్పుడు హైదరాబాదులో అక్కడి వేసవికాలంలో సాయంత్రం 6:30, శీతాకాలంలో 7:30 అవుతుంది. అందువలన ఆ దేశపు ఖాతాదారులతో పనిచేసేవారికి పగలు తీరిక దొరికినా, మిత్రులు కలుసుకొనే సాయంత్రం మీటింగులకే సరిపోతుంది. ఒంటరిగా అరకులోయ వంటి చోట్లకు వెళ్ళేవారు సాయంత్రానికల్లా కరెంటు, అంతర్జాలం ఉన్న బసకు చేరుకోవాలి. జూన్ నుండి సెప్టెంబరు వరకు వానలవలన ఇది మరింత కష్టమవుతుంది. కార్యాలయంలో అప్రయత్నంగా జరిగే కలయికకు ఈ పద్ధతిలో వారాంతాలలో ప్రత్యేకంగా సమయం కేటాయించవలసి వస్తుంది.