తోడేలు మనిషి, మరులుపులి

మనిషి తోడేలుగా మారే కథ యూరపులో రెండున్నర వేల ఏళ్లుగా వినబడుతోంది. క్రీ.పూ. 5వ శతాబ్దంలో గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్, న్యూరి అనే జాతివారు ఏటా కొద్ది రోజులు తోడేళ్లవుతారని స్కిథియా వాసులు చెప్పుకుంటారని రాశాడు. తాను మాత్రం నమ్మనని ఆ వెంటనే చేర్చాడు. రోమను కవి ఓవిడ్ చెప్పిన లైకాన్ రాజు కథలో ఈ మార్పు దేవుడు వేసిన శిక్ష. 12వ శతాబ్దపు కవయిత్రి మరీ ద ఫ్రాన్స్ కథకు వచ్చేసరికి తోడేలే మంచివాడు. విప్పి దాచుకున్న బట్టలను భార్య కాజేయగా, ఆ ప్రభువు మనిషి రూపానికి తిరిగి రాలేక అడవిలో ఉండిపోతాడు. ఆ మృగంలోని మర్యాదను రాజు గుర్తిస్తాడు. వినేవారి జాలి అంతా తోడేలు వైపే.

జాలి పోయింది 16వ శతాబ్దంలో. అంతవరకు కథగా ఉన్నది అప్పుడు నేరమైంది. జర్మనీలో కొలోన్ దగ్గరి బెడ్‌బర్గ్‌లో పీటర్ స్టుంప్ అనే వ్యక్తిని 1589లో ఘోరంగా చంపారు. దయ్యం ఇచ్చిన నడికట్టు కట్టుకొని తోడేలై పిల్లలను తిన్నానని అతను ఒప్పుకున్నాడట. చిత్రహింస యంత్రాన్ని ఎదుట పెట్టి రాబట్టిన ఒప్పుకోలు అది. మరుసటి ఏడే లండనులో దీనిపై ఒక చిన్న పుస్తకం వెలువడింది. అచ్చుయంత్రం వచ్చాక భయం ఎంత వేగంగా ప్రయాణించిందో దీనివల్ల తెలుస్తుంది. 1603లో జా గ్రెనియే అనే కుర్రవాడు తాను తోడేలునని చెప్పుకున్నప్పుడు మాత్రం బోర్డో న్యాయస్థానం అతన్ని కాల్చలేదు, మతి సరిగా లేనివాడిగా ఎంచి మఠంలో ఉంచింది. పధ్నాలుగేళ్ల వ్యవధిలో నేరం రోగమయింది. అయితే ఈ మార్పు అన్నిచోట్లా ఒక్కసారి రాలేదు.

అందరికన్నా ఆశ్చర్యపరిచేవాడు లివోనియాకు చెందిన థీస్ అనే ముసలివాడు. 1692 నాటి విచారణలో ఎనభై దాటిన ఈ రైతు, తాము దేవుడి వేటకుక్కలమని, మంత్రగాళ్లు ఎత్తుకుపోయిన పంటను తెచ్చుకోవడానికి నరకానికి వెళ్లి పోరాడతామని జంకకుండా చెప్పాడు. పశ్చాత్తాపపడమంటే పడలేదు. కొరడా దెబ్బలు కొట్టి ఊరినుంచి వెళ్లగొట్టారు. తోడేలు మనిషి తన గురించి తాను చెప్పుకున్న మాట ఇంత వివరంగా నిలవడం చాలా అరుదు. మిగతా చోట్ల మనకు వినిపించేది ఎక్కువగా అడిగినవాడి గొంతే.

సినిమాల సంగతి పాఠకులకు తెలిసిందే. కాటువల్ల అంటుకోవడం, వెండికి చావడం అనేవి చాలామంది అనుకున్నట్లు అనాది నమ్మకాలు కావు. వాటిని స్థిరపరచినది 1941 నాటి ‘ది వుల్ఫ్ మ్యాన్’. అక్కడినుంచి తోడేలు మనిషి నేరస్థుడు కాడు, తన తప్పేమీ లేకుండా చిక్కుకున్నవాడు. 1992 నాటి హిందీ ‘జునూన్’లో పున్నమి రాత్రి మనిషి పులి అవుతాడు. 2022లో ‘భేడియా’ తెలుగులో ‘తోడేలు’ పేరుతోనే వచ్చింది.

‘జునూన్’లో పులి రావడంలో వింత లేదు. మన అడవులలో ఆ స్థానం పులిది. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ 1912లో అచ్చువేసిన దక్షిణ భారత శకునాల, మూఢనమ్మకాల గ్రంథంలో గోదావరి జిల్లా ‘చెడిపె’ కథ ఉంది. ఆమె రాత్రివేళ పులినెక్కి ఏడూళ్ల పొలిమేరలు తిరిగి తెల్లవారేసరికి ఇల్లు చేరుతుంది. నిద్రించేవాడి కాలి బొటనవేలు నోట పెట్టుకొని నెత్తురు పీలుస్తుంది. పొదచాటున బట్టలు విడిచి పులి అవుతుంది గాని, ఒక కాలు మాత్రం మనిషి కాలుగానే ఉంటుంది. అప్పుడామె ‘మరులుపులి’. బట్టలు విడవడం మరీ ద ఫ్రాన్స్ కథలోనూ ఉంది. అంతమాత్రాన ఒకచోటి కథ మరొకచోటికి నడిచి వచ్చిందని మేము అనము.

మేము ఆగి చూడదలచినది వేరొక వాక్యం. ఊరివాడెవడైనా పట్టుకుంటే ఆమె మనిషి రూపు దాల్చి, దుంపలు తవ్వుకుంటున్నానని నెమ్మదిగా చెబుతుందట. కథలో ఇది మాయ మాట. కాని అడవిలో ఒంటరిగా దుంపలు తవ్వుకొనే స్త్రీ ఇంకేమి చెబుతుంది? నిజం చెప్పినా బొంకుగానే లెక్కపడే ఏర్పాటు ఇది. ‘చెడిపె’ అన్న పేరులోనే తీర్పు ఉంది. మన భాషలో అది చెడిపోయినదని ఆడదానిని తిట్టే మాట. కథను సేకరించిన దేశీయ ఉద్యోగికి అది దొరికినది ఒక కోయ గ్రామంలో. చెడిపె అని ఒకరిని చంపిన గుంపులోని వ్యక్తికి కొన్నేళ్ల జైలుశిక్ష పడిందని అక్కడే అతనికి చెప్పారు. చంపబడినవారి పేరు గ్రంథంలో లేదు. స్టుంప్ పేరు నాలుగు శతాబ్దాలు నిలిచింది, ఈ పేరును రాసుకోవాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

ఇది పాత ముచ్చట అనుకోవడానికి వీలులేదు. మంత్రగత్తె అనే నెపంతో మనుషులను వేటాడటాన్ని ఆపడానికి ఒడిశా 2013లో ప్రత్యేక చట్టం చేయవలసి వచ్చింది. అదే ఏడు మహారాష్ట్ర, 2017లో కర్ణాటక చేతబడి వంటి దురాచారాలపై చట్టాలు చేశాయి.

కోయలు గోదావరి తీరంలోనే కాదు, ఒడిశాలోని మల్కనగిరి జిల్లాలోనూ ఉన్నారు. ఆ ప్రాంతపు పాఠకులెవరైనా మరులుపులి కథను ఆడవాళ్ల నోట విని ఉంటే, దుంపలు తవ్వే ఘట్టం వారు ఎలా చెబుతారో మాకు రాయవలసిందిగా కోరుతున్నాము.