చాటేవాడికి కూడు పెట్టేదెవరు

ప్రజా సంబంధాల వృత్తి కథను చాలామంది అమెరికాలో మొదలుపెడతారు. ఎడ్వర్డ్ బెర్నేస్ ఆ విషయం మీద తన తొలి పుస్తకాన్ని 1923లో అచ్చువేశాడు. సరిగ్గా ఆ ఏడాదే ఎల్లారెడ్డికి దాపున, మంజీరా మీద నిజాంసాగర్ పనులు మొదలయ్యాయి. 1931లో పూర్తయిన ఆ ప్రాజెక్టు లక్ష్యం 2.75 లక్షల ఎకరాలకు నీళ్లివ్వడం. ఏ ఊరు ఖాళీ కావాలో, ఏ చేనుకు కాలువ వస్తుందో జనానికి చెప్పే పని ఇక్కడా ఉంది. ఆ పనికి బెర్నేస్ అవసరం పడలేదు. నిజాం సర్కారు మాట చాటేవాడు ఊరూరా ముందు నుంచీ ఉన్నాడు. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతంలో ఈ వృత్తి చరిత్రను అతని దగ్గరే మొదలుపెట్టాలి. అతని బతుకు ఎవరి చేతిలో ఉందో చూస్తే, అతను మోసిన మాట ఎటు నడిచిందో, ఎటు నడవలేదో అర్థమవుతుంది.

అప్పట్లో కామారెడ్డి, ఎల్లారెడ్డి నిజామాబాద్ జిల్లాలో కామారెడ్డిపేట, ఎల్లారెడ్డిపేట తాలూకాలు. కచేరీ భాష ఉర్దూ. తహసీలు నుంచి హుకుం పటేల్ పట్వారీలకు, వాళ్ల నుంచి డప్పు పట్టినవాడికి అందేది. కాగితం మీది ఉర్దూ చివరికి వాడకట్టు తెలుగయ్యేది అతని నోట్లోనే. పొడుగు హుకుంను రెండు ముక్కల్లో, దారిన పోయేవాడికి కూడా పట్టేలా చెప్పడం చిన్న విద్యేమీ కాదు. కానీ డప్పు ఎక్కువగా మాదిగల చేతిలో ఉండేది, చాకిరీ వెట్టిది. ఊరి కొలువు చేసినందుకు దక్కే గింజలు, ఎక్కడైనా ఉంటే ఇనాం చెక్క, అంతే ఆ ఇంటి ఆధారం. అవీ ఊరి పెద్దల దయ మీదివే. శిస్తు గడువు ఎందుకింత దగ్గరని వీధిలో ఎవరైనా అడిగితే, ఆ ప్రశ్నను పటేల్ గడప దాకా మోసే ధైర్యం అతనికి ఎక్కడిది? 1900 ప్రాంతంలో రైలు దారి పడ్డాక కామారెడ్డికి పత్రికలు చేరడం సులువైంది. 1926లో గోలకొండ పత్రిక వచ్చింది. పట్టాలకు దూరంగా ఉన్న ఎల్లారెడ్డి వైపు పల్లెలకు, చదువు లేని ఇళ్లకు మాత్రం డప్పే పత్రిక.

చాటింపును ప్రజా సంబంధాలనడం అతి అని ఎవరైనా అనవచ్చు. చెప్పడం ఒకటే అయితే అది ప్రకటన, వినడం కూడా ఉంటేనే సంబంధం అంటారు. ఒప్పుకోవలసిన మాటే. అయితే ఆ కొలత పెడితే నేటి పత్రికా ప్రకటనల్లో ఎన్ని నిలుస్తాయో కూడా చూడాలి. వినే పని ఇక్కడ సర్కారుకు బయట మొదలైంది. నిజాం రాజ్యంలోని తెలుగువాళ్ల సంస్థ ఆంధ్ర జనసంఘం వెట్టిచాకిరీ మీద చిన్న పుస్తకాలు వేసి పంచింది. అదే ఆంధ్ర మహాసభగా మారాక, 1937లో నిజామాబాద్‌లో మందుముల నరసింగరావు అధ్యక్షతన దాని సభ జరిగింది. పల్లె గోడును పోగుచేసి పైకి వినిపించిన ఈ మనుషులు ఆ పని సర్కారు కొలువుగా చేయలేదు, అందుకే చేయగలిగారు.

ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం నడుస్తుండగా 2002లో తొలి తెలంగాణ ధూంధాం, అంటే ఆ ఉద్యమపు ఆటపాటల సభ, కామారెడ్డిలోనే జరిగింది. దాన్ని నడిపించిన రసమయి బాలకిషన్ అప్పటికి బడి పంతులు. ఒకప్పుడు హుకుం చాటిన డప్పు ఆ వేదిక మీద సర్కారునే నిలదీసింది. రాష్ట్రం వచ్చాక ఆయన శాసనసభ్యుడయ్యాడు, తెలంగాణ సాంస్కృతిక సారథికి అధ్యక్షుడయ్యాడు. ఉద్యమ కళాకారులు పలువురు ఆ సంస్థలో జీతానికి చేరి ప్రభుత్వ పథకాల పాటలు పాడారు. పేద కళాకారుడికి నెల జీతం దొరికితే తప్పా అంటే కాదు. తరాలుగా వెట్టికి డప్పు కొట్టిన ఇళ్లకు అది ఎప్పుడో అందవలసిన కూలి. ఆ ఇంట్లో పిల్లల చదువు, ఆసుపత్రి ఖర్చు ఆ జీతం మీదే నడుస్తాయి. కాబట్టే ఆ గొంతు మళ్లీ పైనుంచి కిందికే పలికిందని కళాకారుడిని నిందించను. అడిగే హక్కు లేకుండా కొలువు మాత్రమే ఇచ్చిన ఏర్పాటును తప్పుపడతాను.

2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా అయింది, ఎల్లారెడ్డి అందులో రెవెన్యూ డివిజన్. కలెక్టరేట్ ఊళ్లోకే వచ్చింది, సర్కారు మాట చెప్పేవాళ్లూ దగ్గరయ్యారు. అయినా 2023 జనవరిలో పట్టణ మాస్టర్ ప్లాన్ మీద రైతులు రోడ్డెక్కారు. ముసాయిదా ప్రకటించారు, అభ్యంతరాలకు గడువిచ్చారు, చట్టం అడిగిన చాటింపు జరిగింది. తమ పొలాలు పరిశ్రమల జోన్‌లో పడ్డాయన్న రైతుల భయానికి మాత్రం ఆ ఏర్పాటులో జవాబు దొరకలేదు. అదంతా ఎన్నికల ఏడాది రాజకీయమని కొట్టిపారేసేవారున్నారు. పార్టీలు దిగిన మాట నిజమే, కానీ అవి దిగడానికి చోటు దొరికింది రైతుల భయం లోపలికి చేరనందువల్లే. పౌర సంబంధాల కొలువులో ఉన్నవాడి జీతం, బదిలీ, పదోన్నతి అన్నీ పైవాళ్ల చేతిలోనివే. ప్లాన్ అచ్చు కాకముందే ఊరు ఒప్పుకోవడం లేదని రాసి పంపితే అతనికి ఒరిగేదేమీ లేదు. చివరికి ధర్నాల తర్వాత, ఒక రైతు ప్రాణం పోయాక, మున్సిపల్ పాలకవర్గం ముసాయిదా వద్దని తీర్మానించింది.