దొంగల భయమునకు ముఖము దొరకిన విధము

1816వ సంవత్సరము మార్చి మాసమున పిండారీల గుఱ్ఱపుదండు కంపెనీవారి యేలుబడిలోని గుంటూరు మొదలగు సీమలపై విరుచుకుపడి, రెండు వారములైనను నిండకమున్నే 339 గ్రామములను దోచి, 182 మందిని చంపి, 505 మందిని గాయపఱచి, దాచిన సొమ్ము చూపుడని 3,603 మందిని చిత్రహింసల పాలు చేసెనని నాటి ప్రభుత్వవిచారణ లెక్క తేల్చినది. రెండేండ్లు గడచులోపల పిండారీలు అణగారిరి. అయితే అపాయము తొలగినంతనే భయమును తొలగునని తలచుట మనస్సు స్వభావము నెఱుగకపోవుటయే యగును. ఒకమాఱు తన తలుపు నిలువజాలదని చూచిన గృహస్థు తలుపును బాగుచేయించుకొనగలడు గాని మనసులోని దిగులును మాన్పుకొనలేడు. ఎవరు వత్తురో, ఏ రాత్రి వత్తురో తెలియని భయము భరింపరానిది గనుక, దానికొక పేరును, ఒక ముఖమును సమకూర్చుకొనువఱకు వానికి నిదుర పట్టదు. తెలుగు పల్లెలలో ఆ ముఖము సంచారులైన ఎఱుకలవారిదైన తీరు మన చరిత్రలో మిక్కిలి బాధాకరమైన ఘట్టము.

పూర్వము కళ్లములో పంట నూర్చినపుడు రైతు కావలివానికి మేర కొలుచుచుండెను. ఊరిలో దొంగతనము జరిగినచో జాడపట్టి సొమ్ము తెచ్చుటయో, జాడ పొలిమేర దాటినచో పొరుగూరి కావలివాని కప్పగించుటయో, రెండును కానిచో నష్టము తానే పెట్టుకొనుటయో వాని విధి. కావలివాడే దొంగతో పొత్తు కలిసిన సందర్భములును లేకపోలేదు. అయినను నడిరాత్రి అలికిడికి ఉలికిపడిన గృహస్థునకు పిలువదగిన పేరొకటి ఉండెను. పాళెగాండ్ర కావళ్లు అంతరించి, 1859 చట్టముతో పోలీసుదళ మేర్పడిన పిదప, ఊరి తలారి మిగిలినను, రక్షణభారము దూరపు ఠాణాకును, ముఖమెఱుగని జవానుకును పోయినది.

అదే శతాబ్దమున ఎఱుకలవారి బ్రదుకు వేఱొక వైపునుండి కూలుచుండెను. వారిలో ఉప్పు ఎఱుకలు, కరివేపాకు ఎఱుకలు, దబ్బ ఎఱుకలు అని తెగలు. ఆ పేళ్లన్నియు వృత్తులనుబట్టి వచ్చినవే. ఉప్పు ఎఱుకలవారు సముద్రతీరమున ఉప్పు కొని, గాడిదలపైనను ఎద్దులపైనను కంట్లములు వేసి, పిల్లాపాపలతో మెట్టసీమలకు నడచి, ధాన్యమునకు మార్చుకొని మరల తీరమునకు దిగుచుండిరి. ఇల్లాలు చేటతో జొన్నలు పోసి, మారుగా ఉప్పు గంపలోనికి కొలిపించుకొని, పనిలోపనిగా ఎఱుకసానిచేత సోదె చెప్పించుకొని, బిడ్డ పెండ్లి యెప్పుడో, దేశాంతరము పోయిన కొడుకు తిరిగివచ్చునో రాడో అడుగుచుండెను. ఇంటి గుట్టు చెప్పుకొన్న మనిషిని చూచి భయపడవలెనని ఆనాడు ఆమెకు తోచలేదు. 1805లో ఉప్పు కంపెనీవారి గుత్తసొత్తయ్యెను. ఆ మీదట రైళ్లు వచ్చి ఎద్దులు మోయు సరకును తామే మోసికొనిపోయెను. 1876-78 కఱవులో మెట్టసీమలో మార్చుకొనుటకు ధాన్యమే కఱవయ్యెను. బేరము పోయినను సంచారము మానలేదు. నిన్న ఉప్పుతో వచ్చిన కుటుంబమే నేడు వట్టి చేతులతో ఊరి వెలుపల చాపగుడిసె వేసికొనగా, వీరేల వచ్చిరను శంక పుట్టినది. ఆకలి కొందఱిచేత కన్నములు వేయించినదనుట నిజమే. కాని కొందఱి కన్నములకు కులమంతయు జవాబు చెప్పవలసివచ్చుటను ఏ న్యాయము సమర్థించును?

1871లో ఉత్తరదేశమున పుట్టి 1911లో చెన్నరాజధానికిని వచ్చిన నేరజాతుల చట్టము ఆ శంకకు రాజముద్ర వేసినది. ఆ చట్టముక్రింద ప్రకటితమైన జాతిలో పుట్టినవారి పేళ్లు పట్టీ కెక్కించి, వ్రేలిముద్రలు తీసికొని, వేళకు హాజరు పలుకుడని నిర్బంధింప వీలయ్యెను. ఆఱేండ్లు మొదలు పదునెనిమిదేండ్ల లోపు పిల్లలను తల్లిదండ్రులనుండి వేఱుచేసి సంస్కరణాలయములలో నుంచ వీలయ్యెను. బాపట్ల చేరువ సాల్వేషను ఆర్మీవారి యాజమాన్యమున 1913-14 ప్రాంతమున ఎఱుకలవారికై వెలసిన సెటిల్‌మెంటునకు, చెన్నపురి ప్రభుత్వ సభ్యుడైన హెరాల్డ్ స్టూవర్టు పేర స్టూవర్టుపురమని నామకరణము చేసిరి. అచటివారికి భూములిచ్చిరి, బడి పెట్టిరి, చీరాల పొగాకు కర్మాగారమున కూలి చూపిరి. సెలవుచీటి లేక పొలిమేర దాటనీయలేదు.

ఇందు నిజముగా నిస్సహాయులెవరు? భయపడినవారికి పెంకుటిండ్లు, గడియమ్రానులు, ఠాణా, న్యాయస్థానము కలవు; భయంకరులని వ్రాయబడినవారు తలుపులేని చాపగుడిసెలలో పడుకొని, ఏ యూరిలో సొమ్ము పోయినను తెల్లవాఱునప్పటికి తమ గుడిసె సోదా చేయుదురని యెదురుచూచుచుండిరి. ఆ భయమును ఏ విచారణసంఘమును లెక్క కట్టలేదు. చెన్నరాజధానిలో 1947లోనే, దేశమంతట 1952 ఆగస్టు 31న ఆ చట్టము రద్దయి వారు విముక్తజాతులైరి. కాని 1948లోనే చెన్నపురి శాసనసభ అలవాటుపడిన నేరస్థుల నియంత్రణకై వేఱొక చట్టమును చేసియుండెను. అందు జాతి పేరు లేదు. ఠాణాలలోని పాత పట్టీలను చింపివేయవలెననియు లేదు.