‘ఫలానా వారి భార్య’

మొదటి సార్వత్రిక ఎన్నికల ఓటర్ల పట్టికలు సరిచూస్తున్నప్పుడు అధికారులకు ఒక వింత ఇబ్బంది ఎదురైంది. పేరుండాల్సిన చోట లక్షలాది వరుసల్లో ‘ఫలానా వారి భార్య’ అనో, ‘ఫలానా వారి కూతురు’ అనో రాసి ఉంది. ఇల్లిల్లూ తిరిగి వివరాలు రాసుకున్న గుమాస్తాల తప్పు కాదది. పరాయి మగవాడికి తమ పేరు చెప్పడానికి ఆ ఆడవాళ్లు ఒప్పుకోలేదు. భర్త పేరు నోటితో పలకని ఆచారం మనవైపూ ఉండేది. పెళ్లిలో కొత్త జంట చేత పేర్లు చెప్పించే సరదా అంతా ఆ బిడియం మీదే నడుస్తుంది. ఈ ఆడవాళ్లు దాచుకున్నది మాత్రం సొంత పేరునే. బీహార్, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్, మధ్యభారత్, వింధ్యప్రదేశ్‌లలో ఈ చిక్కు ఎక్కువ.

మొదటి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ ఇందులో పట్టు సడలించలేదు. పేరు చెబితేనే ఓటు అన్నారు. పేర్లు రాయించుకోవడానికి బీహార్‌లో ఒక నెల గడువు పెంచారు, దానివల్ల అక్కడ కొంత మేలు జరిగింది. అయినా దేశంలోని సుమారు 8 కోట్ల మహిళా ఓటర్లలో దాదాపు 28 లక్షల మందిని పట్టిక నుంచి తొలగించాల్సి వచ్చింది.

పైకి చూస్తే ఇది అన్యాయం. ఆచారం నోరు కట్టేసిన మనిషికి ప్రభుత్వం ఇంకో శిక్ష వేసినట్టుంది. కానీ అంతకుముందున్న చట్టంతో పోల్చి చూస్తే సేన్ పట్టుదలకు అర్థం తెలుస్తుంది. 1935 భారత ప్రభుత్వ చట్టం కింద ఓటు అందరిదీ కాదు. భూమి శిస్తో, ఇంటి పన్నో కట్టాలి, లేదా చదువుండాలి. ఆ కొలతలు రాష్ట్రానికొక రకం. స్త్రీలకు అదనంగా ఒక దారి చూపించారు: ఆస్తి అర్హత ఉన్నవాడి భార్య అయితే చాలు, ఆమె ఓటరే. అంటే ఆ చట్టంలో ఫలానా వారి భార్య కావడమే ఓటుకు ఆధారం. స్త్రీలకు ఓటివ్వడంలో దేశంలో మిగతా చోట్లకన్నా ముందు నడిచిన మద్రాసు రాష్ట్రంలో కూడా 1921లో అది దక్కింది ఆస్తి ఉన్న కొద్దిమందికే.

రాజ్యాంగం ఈ లెక్కను మార్చింది. మారిన తీరు మాత్రం మనం బళ్లో చదువుకున్నంత సాఫీగా లేదు. 1949 నవంబరు 26న ఆమోదం, 1950 జనవరి 26న అమలు, ఆ తర్వాత ఎన్నికలు: ఇదీ మనకు తెలిసిన వరుస. నిజానికి ఓటర్ల పట్టిక పని రాజ్యాంగం కంటే ముందే మొదలైంది. ముసాయిదా 1948 ఫిబ్రవరిలో వెలువడితే, మరుసటి నెలలోనే రాజ్యాంగ సభ సచివాలయం రాష్ట్రాలకూ సంస్థానాలకూ లేఖలు రాసింది. 1949 జనవరి 1 నాటికి 21 ఏళ్లు నిండిన ప్రతి పౌరుడినీ పట్టికలో చేర్చండి అని ఆదేశం. ఆస్తి లేదు, అక్షరం లేదు, వయసూ నివాసమూ చాలు. ఇంకా ఆమోదం పొందని అధికరణాన్ని నమ్ముకుని ఒక దేశం తన ఓటర్లను లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టింది.

అది దేశ విభజన గాయం ఆరని కాలం. లక్షల మంది కాందిశీకులు శిబిరాల్లో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద ఉన్నారు. నిర్ణీత కాలం ఒకేచోట నివసించాలన్న నిబంధన వాళ్లకు ఎలా కుదురుతుంది? ఇక్కడే స్థిరపడతామని ఒక ప్రకటన ఇస్తే చాలునని సచివాలయం దారి తెరిచింది. అయినా కొన్నిచోట్ల, ముఖ్యంగా అస్సాంలో, స్థానిక అధికారులు వాళ్ల పేర్లు రాసుకోలేదు. అప్పుడు ఆ కాందిశీకుల సంఘాలు చేసిన పని నాకు ఈ చరిత్ర మొత్తంలో అపురూపంగా తోస్తుంది. అవి ముసాయిదా రాజ్యాంగాన్ని చదివి, అందులోని అధికరణాలను ఉటంకిస్తూ ఢిల్లీకి అర్జీలు పెట్టాయి. ఇంకా రాజ్యాంగం కాని రాజ్యాంగాన్ని తమదిగా ముందు వాడుకున్నది తలదాచుకునే చోటు లేనివాళ్లు.

ఆ మొర ఊరికే పోలేదు. ముసాయిదాలో రాష్ట్రానికొక ఎన్నికల సంఘం ఉండేది. 1949 జూన్ 15న అంబేద్కర్ దాన్ని మార్చి, దేశమంతటికీ ఒకే స్వతంత్ర ఎన్నికల సంఘాన్ని ప్రతిపాదించారు. ఆయన చెప్పిన కారణం సూటిగా ఉంది: కొన్ని రాష్ట్రాల్లో జాతి, భాష, సంస్కృతి వేరన్న సాకుతో కొందరిని పట్టికల్లో చేర్చడం లేదు. అదే నేటి 324వ అధికరణం. మిగిలిన రాజ్యాంగంలో చాలా భాగం రెండు నెలలు ఆగితే, ఇది రాజ్యాంగం ఆమోదం పొందిన రోజునే అమల్లోకి వచ్చింది. 325వ అధికరణం నియోజకవర్గానికి ఒకే పట్టిక ఉండాలంది. మతం, జాతి, కులం, స్త్రీపురుష భేదం చూపి ఎవరినీ అందులోంచి మినహాయించరాదంది. 326 వయోజన ఓటును ఖాయం చేసింది. వయోజన ఓటును ప్రాథమిక హక్కుల్లోనే చేర్చాలని 1947లో ఉపసంఘం కోరింది కానీ, చివరికి అది ఎన్నికల భాగానికి జరిగింది. అక్కడే ఉండిపోయింది.

1951 అక్టోబరు 25న హిమాచల్ కొండల్లోని చీనీలో, మంచు కురిసి దారులు మూసుకుపోకముందే, పోలింగ్ మొదలైంది. అప్పటికి పట్టికలో 17 కోట్ల 30 లక్షలకు పైగా పేర్లున్నాయి. అందులో ఎక్కువమందికి చదువు రాదు కనుక అభ్యర్థికొక గుర్తు, గుర్తుకొక ఇనుపపెట్టె.

అదే నెలలో కమ్యూనిస్టులు తెలంగాణ సాయుధ పోరాటాన్ని విరమించారు. హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉండటంతో దాని అభ్యర్థులు పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్ పేరుతో నిలబడ్డారు. నల్గొండలో రావి నారాయణరెడ్డి జవహర్‌లాల్ నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు గెలిచారు. అది ఇద్దరు సభ్యుల నియోజకవర్గమన్న మాట నిజమే, నెహ్రూ గెలిచిన చోటూ అలాంటిదే. మూడున్నరేళ్ల కిందటి దాకా నిజాం ఏలుబడిలో ఉండి, వయోజన ఓటు ముఖమే చూడని పల్లెలవి. దొర గడీ ముందు చెప్పులు విడిచి నిలబడ్డ మనిషికీ, దొరకీ పట్టికలో చెరొక్క వరుసే.

ఇప్పుడు ఆ 28 లక్షల మంది దగ్గరికి మళ్లీ వస్తే, సేన్ చేసింది కఠినమే కానీ తప్పు కాదనుకుంటాను. ‘ఫలానా వారి భార్య’ అన్న వరుసను ఒప్పుకుని ఉంటే, 1935 చట్టం పోయినా దాని పద్ధతి కొత్త పట్టికలో బతికేది. అయితే ఆ పట్టుదలకు మూల్యం చెల్లించింది ఆయన కాదు, ఆ స్త్రీలు. వాళ్లకు మొదటి ఎన్నిక దక్కలేదు.

మీ పోలింగ్ కేంద్రం పట్టిక ఒకసారి తెరిచి చూడండి. ముందు ఓటరు పేరు ఉంటుంది. తండ్రి పేరో, భర్త పేరో దాని కింద వరుసలో.