తటస్థ వర్ణాల హాలు

తెలుపు, మీగడ, గంధం, ఇసుక, బూడిద, లేత గోధుమ వంటి ఛాయలతోనే గోడలు, పరదాలు, సోఫాలు, తివాచీలు అమర్చే పద్ధతిని గృహాలంకరణలో తటస్థ వర్ణాల పద్ధతి అంటారు. రంగుల శాస్త్రం లెక్క ఇంకా కచ్చితం. అమెరికన్ చిత్రకారుడు ఆల్బర్ట్ మన్సెల్ 1905లో ప్రకటించిన వర్గీకరణలో నలుపు నుంచి తెలుపు దాకా నిలువుగా పేర్చిన బూడిద ఛాయలే తటస్థం. గంధం రంగుకు అందులో చోటు లేదు. అలంకరణ నిపుణులు ఆ హద్దును ఎన్నడూ పట్టించుకోలేదు. ఈ లేత గదులను ఇప్పుడు నిరాడంబరతకు గుర్తుగా చెబుతారు గాని, పడమటి దేశాల్లో ఇవి కలవారి ఇళ్లలో, ఖరీదైన ముచ్చటగా పెరిగాయి.

దానికి కారణం 19వ శతాబ్దంలో రంగు చవకైపోవడం. అంతకుముందు మంచి అద్దకం డబ్బున్నవాళ్ల సొత్తు. 1856లో పద్దెనిమిదేళ్ల విలియం హెన్రీ పెర్కిన్ లండన్‌లో తారు నుంచి వచ్చే పదార్థంతో ఊదారంగు తయారుచేశాడు. ఆ వెంటే కృత్రిమ రంగులు వరసకట్టాయి. యంత్రాల మీద అచ్చయిన గోడకాగితాలు మధ్యతరగతి ఇళ్లకూ చేరాయి. విక్టోరియా కాలపు ఇంగ్లీషు హాలు ముదురు ఎరుపు, ఆకుపచ్చ, మఖమల్ పరదాలు, కుచ్చులు, పూల కాగితంతో నిండిపోయింది. ఆ ముదురుతనంలో అభిరుచి ఎంత ఉందో అవసరమూ అంతే ఉంది. బొగ్గు పొయ్యి, గ్యాసు దీపం రోజూ మసి వదిలే గదిలో తెల్లగోడ ఒక్క చలికాలం కూడా నిలవదు. 1879 తర్వాత విద్యుద్దీపం మెల్లగా ఇళ్లలోకి వచ్చాకే లేతరంగు గోడ ఆచరణలోకి రాగలిగింది.

అయినా తొలి తెల్లగదులు మసి తగ్గేదాకా ఆగలేదు. 1884–85లో వాస్తుశిల్పి ఇ.డబ్ల్యు. గాడ్విన్ లండన్‌లోని టైట్ స్ట్రీట్‌లో ఆస్కార్ వైల్డ్ ఇంటి భోజనాల గదిని రకరకాల తెలుపులతో తీర్చాడు. గ్లాస్గోలో చార్లెస్ రెనీ మెకింతోష్, ఆయన భార్య మార్గరెట్ మెక్‌డొనాల్డ్ 1900లో పెళ్లయ్యాక కాపురం పెట్టిన ఇంట్లో హాలును తెలుపు చేశారు. గోడలు, కుర్చీలు, బీరువాలు అన్నీ తెలుపే. అక్కడక్కడ మాత్రం ఊదా, గులాబి చుక్కలు. పరిశ్రమల పొగతో నల్లబడిన ఆ ఊళ్లో అది సాహసమే అనాలి. 1906లో మారిన రెండో ఇంటినీ అలాగే దిద్దుకున్నారు. ఆ ఇంటిని 1963లో కూల్చేశారు. దాని గదులను గ్లాస్గో విశ్వవిద్యాలయంవారి హంటేరియన్ గ్యాలరీలో తిరిగి నిలబెట్టి, 1981 నుంచి జనానికి చూపిస్తున్నారు.

అమెరికాలో రచయిత్రి ఎడిత్ వార్టన్, వాస్తుశిల్పి ఆగ్డెన్ కాడ్మన్ కలిసి 1897లో గృహాలంకరణ మీద రాసిన పుస్తకం కిక్కిరిసిన గదుల మీద దండెత్తింది. న్యూయార్క్‌లో 1907లో తెరిచిన మహిళల కాలనీ క్లబ్బు లోపలి పని ఎల్సీ డి వుల్ఫ్ చేసింది. అలంకరణను జీతం పుచ్చుకునే వృత్తిగా నిలబెట్టిన తొలి స్త్రీలలో ఆమె ఒకరు. లేతరంగు గోడ, వెలుతురు, తక్కువ సామాను ఆమె సూత్రాలు. 1913లో వచ్చిన ఆమె పుస్తకం ఆ అభిరుచిని క్లబ్బు గుమ్మం దాటించింది.

ఈ పద్ధతి పరాకాష్ఠ 1920లలో. 1926 ప్రాంతంలో పారిస్‌లో అలంకరణ నిపుణుడు జాఁ మిషెల్ ఫ్రాంక్ (1895–1941) కళాపోషకులైన నోయాయ్ దంపతుల సలోను గోడలకు రంగు వేయలేదు. తోలుకాగితం పలకలు అతికించాడు. గడ్డిపరకలను చీల్చి, సాపుచేసి, బల్లల మీద పక్కపక్కన పరిచాడు. సొరజాతి చేపల గరుకు చర్మం, అభ్రకం కూడా వాడాడు. చూడ్డానికి సన్యాసి గదిలా ఉండే ఆ సలోనులో పనివాళ్ల కూలి లెక్క వేస్తే రాజసం బయటపడుతుంది. లండన్‌లో రచయిత సోమర్సెట్ మామ్ భార్య సిరీ మామ్ 1927లో చెల్సీలోని తన తెల్ల హాలును విందు చేసి మరీ చూపింది. అద్దపు పలకల తెర, మేరియన్ డార్న్ నేయించిన తివాచీ, గంధపు రంగు శాటిన్ సోఫాలు ఉన్న ఆ గది నిజానికి పూర్తి తెలుపు కాదు, అరడజను లేత ఛాయల కూర్పు. పాత ఫ్రెంచి కుర్చీల మెరుగు గీకించి తెల్లబరచడం ఆమెకు అలవాటు. పాతకాలపు సామాను ప్రియులకు అది అపచారంలా తోచింది. వాళ్ల కోపం న్యాయమైనదే. 1933 నాటి ‘డిన్నర్ ఎట్ ఎయిట్’ సినిమాలో జీన్ హార్లో తెల్ల పడకగది ఈ మోజును నేల టికెట్టు ప్రేక్షకుడి దాకా తీసుకెళ్లింది.

ఆధునిక వాస్తుశిల్పులు తెలుపును నీతిగా మార్చారు. గోడలన్నీ సున్నంతో తెల్లబరచాలని లె కార్బూజియే 1925లో రాశాడు. అదే మనిషి 1931లో ఒక గోడకాగితాల సంస్థకు 43 రంగుల వరస కూర్చి ఇచ్చాడు. ఆయన ఇళ్లు నలుపు తెలుపు ఫోటోల్లో కనిపించినంత తెల్లగా లేవు.

ఇక రసాయనం సంగతి. శతాబ్దాలపాటు తెల్ల పెయింటు అంటే సీసపు తెలుపే. అది విషం, పెయింటర్లను, గోడ పెచ్చులు నోట్లో పెట్టుకునే పిల్లలను దెబ్బతీసింది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో నార్వే, అమెరికాల్లో టైటానియం డయాక్సైడ్ తయారీ మొదలయ్యాక హాని లేని, బాగా కప్పే తెలుపు దొరికింది. ఇళ్లలోపల సీసపు తెలుపు వాడకాన్ని ఆపాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1921లో ఒడంబడిక చేసింది. అమెరికా 1978లో ఇళ్ల పెయింట్లలో సీసాన్ని నిషేధించింది. భారతదేశంలో పది లక్షల భాగాలకు 90 భాగాలకు మించి సీసం ఉండరాదన్న నిబంధన 2016లో వచ్చి, 2017 నవంబరు నుంచి అమలవుతోంది.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత మోజు అటూ ఇటూ ఊగింది. 1970లలో అమెరికన్ ఇళ్లను అవకాడో పచ్చ, పంటచేల పసుపు ఏలాయి. 1990ల మినిమలిజంతో తెలుపు తిరిగొచ్చింది. 2010లలో బూడిద రంగు, తర్వాత బూడిదా గంధమూ కలిసిన ఛాయ. రంగుల సంస్థ పాంటోన్ 2021కి ఆ ఏటి రంగులుగా ప్రకటించిన రెండింటిలో ఒకటి బూడిద, 2025కి ప్రకటించినది కాఫీ గోధుమ. ఇల్లు అమ్మాలన్నా అద్దెకివ్వాలన్నా ఎవరూ కాదనని రంగు కావాలన్న వ్యాపార లెక్క కూడా ఈ లేత రంగులను నిలబెట్టింది. అందుకే కొత్త అపార్టుమెంట్లలో ఇన్ని హాళ్లు ఒకేలా కనిపిస్తాయి.

తెలుగు నేలమీద కథ తలకిందులు. ఇక్కడ తెల్లగోడ అన్నిటికంటే చవక. సున్నపురాయినో గుల్లలనో కాల్చి, నీళ్లలో నానబెట్టి, కాస్త నీలిమందు, గంజో బంకో కలిపి సంక్రాంతికో పెళ్లికో వెల్ల వేసేవారు. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి తిరిగి రాయిలా గట్టిపడుతుంది. దాని క్షారగుణం బూజును, పురుగును రానివ్వదు. ఆనుకున్నవాడి వీపుకు అంటుకోవడం దాని లోపం. అడుగున మురికి కనబడకుండా జాజు పట్టీ తీసేవారు. కింద తాండూరు, శాబాదు, బేతంచెర్ల నాపరాళ్లు సహజంగానే బూడిద, పసుపు ఛాయలవి. డిస్టెంపర్, ప్లాస్టిక్ ఎమల్షన్ వచ్చి సున్నాన్ని నెట్టేశాయి. వెల్ల వేసిన ఇల్లు పేదరికానికి గుర్తయింది. ఇప్పుడు అదే సున్నపు పూతను లైమ్‌వాష్ అనే ప్రత్యేక ఫినిష్‌గా మామూలు ఎమల్షన్ కంటే ఎక్కువ ధరకు అమ్ముతున్నారు.